బెజవాడలో మెటల్ బ్యాండ్ పెట్టి నిలబెట్టడం ఎలా: బెల్జియం వాళ్లు ఎదిగిన దారి

బెల్జియంలో బ్రస్సెల్స్ నుంచి ఆంట్‌వెర్ప్‌కి 45 కిలోమీటర్లు ఉంటుంది. బెజవాడ నుంచి గుంటూరుకి 35. బెల్జియం దేశం మొత్తం కలిపినా 30,000 చదరపు కిలోమీటర్ల పైచిలుకే, మన ఆంధ్రప్రదేశ్‌లో ఐదో వంతు కూడా లేదు. ఈ లెక్క ముందే ఎందుకు చెప్తున్నానంటే, మన ఊళ్లో గిటార్ పట్టిన ప్రతి కుర్రాడూ రెండో నెలలోనే "అన్నా, హైదరాబాద్ వెళ్లిపోదాం, ఇక్కడేం అవ్వదు" అంటాడు. పదిహేనేళ్లుగా బెజవాడలో గిటార్ వాయిస్తున్నాను, ఆ మాట నేనూ అన్నాను, వెళ్లి ఏడాది ఉండి తిరిగొచ్చాను. నాకు అర్థమైంది ఒక్కటే. పెద్ద ఊరు ఉన్నంత మాత్రాన బ్యాండ్ ఎదగదు. వారం వారం చేరడానికి ఒక గది, ఆటో దూరంలో మనవాళ్లు అనిపించుకునే కొంతమంది జనం, ఏళ్ల తరబడి ఆగకుండా వచ్చే పాటలు, ఈ మూడూ ఉండాలి. బెల్జియం బ్యాండ్ల చరిత్ర చూస్తే ఇదే కనిపిస్తుంది.

ఛానెల్ జీరోనే తీసుకోండి. 1990లో బ్రస్సెల్స్‌లో పుట్టిన మెటల్ బ్యాండ్. మెటల్ అంటే గరగరలాడే గిటార్లు, గట్టి డ్రమ్స్‌తో నడిచే రాక్ సంగీతం. అప్పటికే మెటల్ అంటే అమెరికా, ఇంగ్లండ్, జర్మనీ. మధ్యలో ఇరుక్కున్న చిన్న దేశం వైపు ఎవరు చూస్తారు? వాళ్లు మొదటి ఆల్బమ్ 1992లో తెచ్చారు, 1996లో "బ్లాక్ ఫ్యూయెల్" వచ్చేసరికి అది నాలుగోది. ఐదేళ్లలో నాలుగు ఆల్బమ్‌లన్నమాట. ఒక్క పాట వైరల్ అయితే చాలు అనుకునే ఈ రోజుల్లో ఈ లెక్క గోడ మీద రాసిపెట్టుకోవాలి. 1997లో విడిపోయారు. పదమూడేళ్ల తర్వాత, 2010లో, బ్రస్సెల్స్‌లోని ఆన్సియెన్ బెల్జిక్ హాల్లో మళ్లీ కలిసి వాయిస్తామన్నారు. దాదాపు రెండు వేల మంది పట్టే హాలు అది. ఒక్క రాత్రికని ప్రకటిస్తే టికెట్లు చాల్లేదు, పెంచుకుంటూ పోతే ఆరు రాత్రులైంది, ఆరూ నిండిపోయాయి. పదమూడేళ్లు కనపడని బ్యాండ్‌ని జనం అలా గుర్తుపెట్టుకున్నారంటే, ఆ మొదటి ఐదేళ్లలో వాళ్లు వేసిన పునాది ఎంత గట్టిదో చూడండి. ఆ తర్వాత 2013లో వాళ్ల డ్రమ్మర్ ఫిల్ బాహ్యూ చనిపోయాడు. అప్పుడు కూడా బ్యాండ్ ఆగలేదు, మరుసటి ఏడాదే కొత్త ఆల్బమ్ తెచ్చారు. ఫిల్ పోయాడని చదివిన రోజు మా ప్రాక్టీస్‌లో ఎవరం పెద్దగా మాట్లాడుకోలేదు, వాళ్ల పాటలే మూడు వాయించి ఇళ్లకు వెళ్లిపోయాం.

ఇక మన పని ఎలా మొదలుపెట్టాలో చూద్దాం.

ముందు గది

పెంట్‌హౌస్ గది అద్దెకు తీసుకోకండి. మేం పటమటలో ఐదో అంతస్తు పైన తీసుకున్నాం, అద్దె తక్కువ, గాలి బాగుంటుంది అనుకున్నాం. ఏప్రిల్ వచ్చేసరికి ఆ రేకుల కింద డ్రమ్మర్ పదిహేను నిమిషాలు కూడా కూర్చోలేకపోయాడు. చెమటకి కొత్త తీగలు వారంలో తుప్పు పట్టేవి. పైగా కింద ఇంట్లో పదో తరగతి పాప ఉంది. ఒకరోజు వాళ్లమ్మగారు పైకొచ్చి, "బాబూ, మీరు వాయించేది మంచిదో చెడ్డదో నాకు తెలీదు, పిల్లకి పరీక్షలయ్యేదాకా ఆపండి నాన్నా" అన్నారు. ఆవిడ కోప్పడలేదు, అందుకే ఆ రోజే ఆపేశాం. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెప్తున్నాయి. తలుపులు తీసిన గదిలో డ్రమ్స్ వాయిస్తే ఆ హద్దు మొదటి దెబ్బకే దాటిపోతుంది.

గోడలకి కోడిగుడ్ల అట్టలు అంటిస్తే సౌండ్ బయటికి వెళ్లదని ఎవరైనా చెప్తే నమ్మకండి. లోపల ప్రతిధ్వని కాస్త తగ్గుతుందేమో గానీ బయటికి వెళ్లేది ఆగదు. శబ్దాన్ని ఆపేది బరువు. మందపాటి గోడ, బరువైన తలుపు, ఆ తలుపు కింద సందు లేకుండా రబ్బరు పట్టీ కావాలి.

మాకు పరిష్కారం ఆటోనగర్‌లో దొరికింది. అక్కడ పొద్దంతా లారీ బాడీలు కట్టే షెడ్లలో ఇనుము మీద సుత్తి పడుతూనే ఉంటుంది, వెల్డింగ్, గ్రైండింగ్, రేకుల చప్పుడు ఆగదు. సాయంత్రం పని ఆపాక షెడ్ వెనక గోడౌన్ గది వారానికి రెండు రోజులు ఇమ్మని అడిగాం, ఇచ్చారు. పక్కన ఇళ్లు లేవు, లారీ సరుకు దింపే చోట డ్రమ్స్ దింపడం కష్టమే కాదు. మీ ఊళ్లో కూడా ముందే చప్పుడు అలవాటైన చోటు వెతకండి, బియ్యం మిల్లు పక్కనో, కోల్డ్ స్టోరేజీ వెనకో. గుంటూరు వాళ్లకి మాత్రం ఒక జాగ్రత్త: ఫిబ్రవరి నుంచి మిర్చి సీజన్‌లో యార్డ్ చుట్టుపక్కల గది తీసుకుంటే వాయించేవాళ్లకి ఫర్వాలేదేమో గానీ పాడేవాళ్ల గొంతు ఆ ఘాటుకి నిలబడదు.

గది దొరికాక మొట్టమొదట పిలవాల్సింది ఎలక్ట్రీషియన్‌ని. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మా గాయకుడి పెదవి మైక్‌కి తగిలి చురుక్కుమన్న రోజు నాకింకా గుర్తుంది. అతను గిటార్ కూడా వాయిస్తాడు, చేయి తీగల మీద, నోరు మైక్ మీద. ఆ రెంటికీ మధ్య కరెంటు తేడా ఉంటే అది మనిషిలోంచే పోతుంది. అంతకు వారం ముందు నుంచీ యాంప్‌లో (గిటార్ శబ్దాన్ని పెద్దది చేసే పెట్టె) "జుమ్మ్" అని ఒక హమ్ వస్తూనే ఉంది, మేం పట్టించుకోలేదు. మన కరెంటు 50 హెర్ట్‌జ్, గిటార్ వాళ్ల భాషలో చెప్పాలంటే 49 హెర్ట్‌జ్ దగ్గరుండే లోతైన 'జి' స్వరానికి వెంట్రుకవాసి పైన. మీ గదిలో ఎవరూ వాయించకుండానే ఆ స్వరం, దాని పైస్థాయి వినిపిస్తుంటే అదే అది. ఎలక్ట్రీషియన్ వచ్చి చూస్తే షెడ్ బయట ఎర్తింగ్ గొయ్యి పూర్తిగా ఎండిపోయి ఉంది. ఉప్పూ బొగ్గూ వేసి ఎప్పుడు తవ్వారో, నీళ్లు పోసినవాళ్లే లేరు. గొయ్యి సరిచేయించి, ఎండాకాలమంతా దాంట్లో వారానికి రెండు బకెట్ల నీళ్లు పోయడం మా బేస్ గిటార్ వాయించేవాడి పని అయింది. హమ్ సగానికి పైగా తగ్గింది, షాక్ మళ్లీ కొట్టలేదు. సాకెట్‌లో పట్టడం లేదని మూడో పిన్ను పీకేసే అలవాటు మనవాళ్లకి ఉంది, దయచేసి ఆ పని మాత్రం చేయకండి. ప్రాణం పోతుంది.

చెవుల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. అమెరికాలో నియోష్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ చప్పుడు రోజుకి ఎనిమిది గంటలు తట్టుకోవచ్చు, ఆపైన ప్రతి మూడు డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది, 100కి వచ్చేసరికి పదిహేను నిమిషాలే మిగులుతుంది. మూసిన గదిలో మెటల్ బ్యాండ్ 100 సులువుగా దాటుతుంది. ఇయర్‌ప్లగ్స్ కొనుక్కోండి, గిటార్ శబ్దాన్ని మార్చే మొదటి పెడల్ కొనకముందే.

పాట, అందులో మన మాట

బెల్జియంలో డచ్, ఫ్రెంచ్, జర్మన్ మూడూ అధికార భాషలు, కానీ అక్కడి మెటల్ బ్యాండ్లు ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే పాడాయి. పక్క దేశానికి చేరాలంటే అది తప్పలేదు. కోర్ట్రైక్ ఊరి నుంచి వచ్చిన ఆమెన్‌రా మాత్రం 2021లో "డె డోర్న్" ఆల్బమ్‌ని తమ ఫ్లెమిష్ డచ్‌లో చేసింది. నాకు ఆ భాషలో ఒక్క ముక్క అర్థం కాదు, అయినా రెండో పాటకే ఒళ్లు జలదరించింది. వాళ్ల మాట నాకలా తగిలినప్పుడు మన మాట వాళ్లకెందుకు తగలదు? అందుకే తెలుగులో రాయండి అంటాను.

తెలుగు మెటల్‌కి పనికిరాదు, మెత్తటి భాష, మాటలన్నీ అచ్చులతో ముగుస్తాయి అంటారు. ముగిసేది నిజమే, అది మనకి కలిసొచ్చేదే. గ్రౌల్ చేసేవాళ్లని, అంటే గర్జించినట్టు పాడేవాళ్లని అడగండి, 'ఆ', 'ఓ' మీద గొంతు ఎంత హాయిగా తెరుచుకుంటుందో. పంక్తి చివర అలాంటి అచ్చు పడేలా రాసుకుంటే అరుపు దానంతట అదే సాగుతుంది. ఇక కొట్టుడు కావాలంటే ద్విత్వాలు, సంయుక్తాక్షరాలు ఉన్నాయి.

ఒక చిన్న ప్రయోగం చేసి చూడండి. మన ఛందస్సులోని రగడల్లో వృషభగతి అని ఒకటుంది, మూడు మాత్రలు, నాలుగు మాత్రలు, మళ్లీ మూడు, నాలుగు. గురజాడ ముత్యాలసరం నడిచేదీ ఈ నడకే. గిటార్ వాళ్లు దీన్నే సెవెన్ బై ఎయిట్ (ఏడు దెబ్బల తాళం) అని, అదేదో పెద్ద బ్రహ్మవిద్యలా నేర్చుకుంటారు. "తకిట తకధిమి" అనుకోండి, ఐపోయింది. మేం ఆటోనగర్ షెడ్‌లో రాసుకున్న పంక్తి ఇది:

ఇనుము రగిలెను, కొలిమి గదిలో, నిప్పు రవ్వలు నింగికెగసెను.

"ఇనుము" మూడు లఘువులు, మూడూ పామ్ మ్యూట్‌లో (అరచేతి అంచు తీగల మీద ఆనించి) పొడిపొడిగా కొట్టాలి. "రగిలెను" నాలుగూ అంతే. "గదిలో" దగ్గర చివరి 'లో' గురువు, అక్కడ చేయి ఎత్తి తీగని మోగనివ్వాలి. "నిప్పు"లో 'ని' తర్వాత ద్విత్వం ఉంది కాబట్టి అది గురువు, డ్రమ్మర్ స్నేర్ (చురుగ్గా పలికే చిన్న డ్రమ్) దెబ్బ అక్కడ పడాలి, "రవ్వలు"లో 'ర' మీద మళ్లీ. బడిలో గురులఘువులు గుర్తించి గణవిభజన చేసిన చేతులే కదా మనవి, ఆ గీతలే రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ వరుస) అవుతాయి. మొదట నిమిషానికి తొంభై దెబ్బల వేగంలో మెట్రోనోమ్ (టిక్‌టిక్‌మని లయ చెప్పేది) పెట్టుకుని నోటితో చెప్పండి, తర్వాత చేతులతో చరవండి, ఆ తర్వాతే గిటార్ తీయండి. వేగం వారానికి ఐదు చొప్పున పెంచితే చాలు. శుభ్రంగా రాని వేగం రికార్డింగ్‌లో దొరికిపోతుంది.

వేరేవాళ్ల పాటలు ఎన్నాళ్లు వాయించాలి? మూడు నెలలు, చేతులు కుదిరేదాకా. ఆ తర్వాత ప్రతి ప్రాక్టీస్‌లో సగం సమయం సొంత పాటకే.

ఎవరూ విడుదల చేయకపోతే

1980లో బ్రూజ్ ఊళ్లో యాసిడ్ అనే బ్యాండ్ మొదలైంది. పాడేది కేట్ అనే అమ్మాయి. ఆ రోజుల్లో స్పీడ్ మెటల్ (బాగా వేగంగా సాగే మెటల్) పాడే ఆడపిల్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. జెయింట్ అనే చిన్న లేబుల్ (రికార్డులు విడుదల చేసే సంస్థ) మీద 1983లోనే ఒకటి కాదు, రెండు ఆల్బమ్‌లు తెచ్చారు, 1985లో మూడోది. అంతే, విడిపోయారు. ఆ మూడు రికార్డుల కోసం ఇప్పటికీ వెతికేవాళ్లున్నారు, ఏళ్ల తర్వాత అవి మళ్లీ అచ్చయ్యాయి కూడా. చెల్లెళ్లూ, మీ ఇంట్లో "ఆడపిల్లకి ఈ అరుపులేంటమ్మా" అంటే కేట్ పాడింది ఒక్కసారి వినిపించండి. ఒప్పుకుంటారని చెప్పలేను, మీకు మాత్రం ధైర్యం వస్తుంది.

అదే కాలంలో, 1982లో, బెల్జియంలో మౌసోలియం అనే లేబుల్ పుట్టింది. ఆంట్‌వెర్ప్ నుంచి కిల్లర్, ఘెంట్ నుంచి ఆస్ట్రోగాత్, ఇలా పక్కపక్క ఊళ్ల బ్యాండ్ల రికార్డులు ఒకే ముద్ర మీద వచ్చాయి. ఒకరి రికార్డు కొన్నవాడు ఆ ముద్ర చూసి రెండోవాళ్లదీ కొన్నాడు. ఇది మనం ఇవాళే చేయొచ్చు. బెజవాడ, గుంటూరు, తెనాలి, ఏలూరుల్లో ఉన్న నాలుగు బ్యాండ్లు ఒకే పేరు మీద, ఒకే ఛానెల్ పెట్టి, నెలకొకరు చొప్పున పాట వదిలితే నలుగురి జనమూ ఒక్కచోట చేరతారు. ఒకరినొకరు పోటీ అనుకుని మాట్లాడుకోని బ్యాండ్లని నేను బెజవాడ, గుంటూరుల్లోనే చూశాను, ఇప్పుడు ఆ బ్యాండ్లే లేవు.

రికార్డింగ్‌కి ఖర్చు ఎక్కడ పెట్టాలంటే డ్రమ్స్ మీద. మంచి స్టూడియోలో ఒక రోజు తీసుకుని నాలుగు పాటల డ్రమ్స్ క్లిక్ (చెవిలో వినిపించే మెట్రోనోమ్) మీద వాయించేయండి. గిటార్, బేస్ ఇంట్లో ఆడియో ఇంటర్‌ఫేస్ (గిటార్‌ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) పెట్టుకుని చేసుకోవచ్చు. డిస్టార్షన్ (కావాలని తెచ్చే గరగర) లేని శుభ్రమైన ట్రాక్ కూడా పక్కన దాచుకోండి, తర్వాత మిక్సింగ్ చేసేవాళ్లు యాంప్ సౌండ్ మార్చాలంటే అదే ఆధారం. కంప్యూటర్‌కి యూపీఎస్ తప్పనిసరి. కరెంటు పోతే వాయిస్తున్న టేక్ ఒక్కటే కాదు, ఆ ఊపు కూడా పోతుంది.

జనం, స్టేజి

మొదటి షోకి పెద్ద స్టేజి వెతకొద్దు. మా షెడ్ యజమానిని అడిగి ఒక ఆదివారం సాయంత్రం అక్కడే వాయించాం. ముప్ఫైమంది వచ్చారు, అందులో పదిమంది ఆటోనగర్ మెకానిక్‌లే. రెండో నెల మళ్లీ అక్కడే వాయించాం. రోజూ కొత్తచోట కొత్తవాళ్ల ముందు వాయించడం కన్నా, ఒకే చోట నెలనెలా వాయిస్తే వచ్చినవాళ్లు తర్వాత తమ్ముణ్నో స్నేహితుణ్నో వెంటబెట్టుకొస్తారు. పేర్లు గుర్తుపెట్టుకోండి. షో అయ్యాక వెంటనే సామాన్లు సర్దుకుని వెళ్లిపోకుండా వాళ్లతో నిలబడి టీ తాగండి.

తర్వాత కాలేజీ ఫెస్టులు. ఇక్కడ మాకు జరిగింది చెప్తాను, మీకు జరగకూడదు. గుంటూరు దగ్గర ఒక కాలేజీలో మా మొదటి పాట మొదలైన ఇరవై సెకన్లకి గిటార్లు రెండూ మాయమయ్యాయి. డ్రమ్స్, గొంతు మాత్రమే వస్తున్నాయి. సౌండ్ సిస్టమ్ పెద్దాయన డిస్టార్షన్ విని స్పీకర్ చిరిగిపోతోందని భయపడి మిక్సర్ మీద ఫేడర్లు (శబ్దం పెంచే, తగ్గించే మీటలు) దించేశాడు. ఆయన తప్పేం లేదు, పెళ్లిళ్లకి సౌండ్ పెట్టే మనిషి, లక్షల విలువైన సామాను. అప్పటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాం. ముందు రోజే ఫోన్ చేసి మా లిస్ట్ చదివి వినిపిస్తాం: కిక్‌కి (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) ఒక మైక్, స్నేర్‌కి ఒకటి, డ్రమ్స్ పైన రెండు, గిటార్ యాంప్‌లకి చెరొకటి, బేస్ నేరుగా మిక్సర్‌లోకి, గొంతులకి రెండు. సౌండ్ చెక్ అప్పుడు ఫోన్‌లో మా రికార్డింగ్ ఆయన స్పీకర్లలోనే వేసి, "బాబాయ్, గిటార్ ఇలాగే గరగరలాడాలి, ఇది పాడైన సౌండ్ కాదు" అని చెప్తాం. ఆయన ఆ పది సెకన్లు విన్నాక మళ్లీ ఎవరూ ఫేడర్ దించలేదు. ఒకాయనైతే కిక్‌లో బేస్ పెంచి, "ఇప్పుడు గుండెకి తగుల్తోందా అబ్బాయ్" అని అడిగారు. తగిలింది.

ఫెస్టుల్లో మెటల్ తెలియనివాళ్లే ఎక్కువ. ఇరవై నిమిషాలు ఇస్తే నాలుగు పాటలు చాలు, మధ్యలో ట్యూనింగ్ నిశ్శబ్దం ఉండకూడదు. పాట ముందు ఒక్క వాక్యంలో దేని గురించో చెప్పండి. మన దగ్గర బుర్రకథ వాళ్లు చేసిందీ అదే. గుంటూరు జిల్లా పొన్నెకల్లు నుంచి వచ్చిన నాజర్ గారు ముగ్గురు మనుషులతో, తంబురా, రెండు డక్కీలతో ఊరూరా జనాన్ని కూర్చోబెట్టారు, 1986లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన కథ చెప్పే వీడియో దొరికితే గొంతు ఎక్కడ పెంచారో, ఎక్కడ ఠక్కున ఆపారో చూడండి. మెటల్ గాయకుడు నేర్చుకోవాల్సింది అందులో చాలా ఉంది.

ఊరు దాటడం మనకి సులువే, బెజవాడ జంక్షన్ నుంచి హైదరాబాద్, విశాఖ, చెన్నై రాత్రి ఎక్కితే తెల్లారేసరికి దిగుతాం. డ్రమ్మర్ స్నేర్, సింబల్స్, కాలి పెడల్ మాత్రం వెంట తీసుకెళ్లాలి, మిగతా కిట్ అక్కడిది వాడుకోవచ్చు. పెద్ద పండగల సంగతంటారా, బెల్జియంలో డెసెల్ అనే చిన్న ఊళ్లో 1996 నుంచి గ్రాస్‌పాప్ జరుగుతోంది, ఇవాళ యూరప్‌లోనే పేరున్న మెటల్ పండగల్లో అదొకటి. మన వైపు నుంచి అంత దూరం చేరొచ్చా? బెంగళూరు బ్యాండ్ క్రిప్టోస్ 1998లో మొదలై, 2013లో జర్మనీలోని వాకెన్ మెటల్ పండగలో వాయించింది. పదిహేనేళ్లు పట్టింది. ఆ పదిహేనేళ్ల ఓపిక ఉన్న నలుగురిని వెతుక్కోవడమే అన్నిటికన్నా కష్టం. చేతి నైపుణ్యం తక్కువైనా ఫర్వాలేదు, వారానికి రెండు రోజులు ఠంచనుగా వచ్చేవాణ్ని తీసుకోండి.

ఆ నలుగురూ కుదిరాక, స్నేహం బాగున్న రోజుల్లోనే ఒక కాగితం రాసుకోండి. బ్యాండ్ పేరు ఎవరిది, ఏ పాట ఎవరు రాశారు, డబ్బు వస్తే ఎలా పంచుకుంటారు, ఒకరు వెళ్లిపోతే పాటల సంగతేంటి. మా పాత బ్యాండ్‌లో ఇది లేక ఐదు పాటలు ఎవరూ వాయించలేకుండా మిగిలిపోయాయి. రికార్డింగ్ ఫైళ్లు మొత్తం, ప్రతి ట్రాక్ విడివిడిగా, రెండు హార్డ్ డిస్కుల్లో పెట్టి, తేదీ, వాయించినవాళ్ల పేర్లు స్టిక్కర్ మీద రాసి, ఒకటి మీ ఇంట్లో, ఇంకోటి డ్రమ్మర్ ఇంట్లో ఉంచండి. వరదొచ్చే వీధైతే బీరువాలో పై అరలో పెట్టండి.